పిడుగు చప్పుడు

పదకొండేళ్లుగా వడ్రంగి ఒక్క కుస్తీ కూడా కళ్లతో చూడలేదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి హాలు తలుపులు తెరిచేసరికే అతను రింగ్ కిందికి దూరేవాడు. అక్కడ ఒక స్టూలు, ఒక టార్చి, రెండు స్పానర్లు, ఒక కొయ్యసుత్తి. పైన నూరేసి కిలోల మనుషులు పడి లేస్తుంటే బోల్టులు వదులవుతాయి, పలకలు జరుగుతాయి. వదులైనవి బిగించడం, జరిగినవి తట్టి సర్దడం అతని పని. రింగ్ చుట్టూ నల్లగుడ్డ కట్టి ఉంటుంది కనక జనానికి అతను కనపడడు, అతనికి జనం కనపడరు. వినపడతారు.

ఎవరు గెలవాలో మేనేజరు శుక్రవారమే కాగితం మీద రాసి గోడకు అంటిస్తాడు. గెలుపోటములు రాయొచ్చు గానీ, పడటం ఎవరూ రాయలేరు. పైతాడు మీంచి దూకినవాడికి నేల నేలే. పడే తీరు మనిషికొకటి. చిరుత అనే కుర్రవాడు పడితే ముందు చేతులు వినపడతాయి, తర్వాత వీపు. పిడుగు పడితే మటుకు ఒక్కటే చప్పుడు. భుజాల నుంచి మడమల దాకా ఒకేసారి పలకల మీద ఆనేది. ఆఖరి వరసలో టీ తాగేవాడి కప్పు సాసర్లో కదిలేది. ఆ పేరు అలా వచ్చిందే.

పిడుగు వడ్రంగికి స్వయానా బావ, అక్క మొగుడు. రింగ్‌లో విలన్. ఆరొందల మంది చేత తిట్లు తినడం అతని ఉద్యోగం. ఇంట్లో బొద్దింక కనపడితే కుర్చీ ఎక్కి భార్యను పిలిచేవాడు.

ఏడాది ముగిశాక కుస్తీ కంపెనీ ఒక చిన్న పుస్తకం వేస్తుంది. అందులో జనం చదివేది రెండు పేజీలే: 'ఈ ఏటి మేలు', 'ఈ ఏటి నాసి'. చూసినవాళ్లు చీటీ రాసి తలుపు దగ్గర డబ్బాలో వేస్తారు, ఎక్కువ చీటీలు పడ్డవి అచ్చుకెక్కుతాయి. పుస్తకం అచ్చయ్యే ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది అక్కే. పిడుగు పేరు మేలు పేజీలో తొమ్మిదిసార్లు దిద్దింది. నాసి పేజీలో ఎప్పుడూ దిద్దలేదు.

ఈ ఏడు మూడో నెలలో ఒక ఆదివారం వడ్రంగి టార్చి ఆర్పి తల పైకెత్తాడు. బావ పడ్డాడు. చప్పుడు రెండు ముక్కలైంది. ముందు కుడివైపు, వెంట్రుకవాసి ఆలస్యంగా ఎడమవైపు. పై వారం మళ్లీ అంతే. మూడో వారం ఆట అయిపోయాక హాలు వెనక మెట్ల మీద బావ బూట్లు విప్పుకుంటుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"బావా, ఎడమ తుంటి."

పిడుగు చెయ్యి లేసు మీద ఆగిపోయింది. "ఎవడు చెప్పాడ్రా నీకు?"

"నువ్వే. మూడు వారాల్నుంచీ చెప్తున్నావు. నేను కింద కూర్చుని వింటున్నా."

"చెవులా అవి, చేటలా?"

"డాక్టరేమన్నాడు?"

"ఎత్తు మీంచి దూకొద్దన్నాడు. వాడికేం, కుర్చీలో కూర్చుని ఏమైనా అంటాడు." పిడుగు రెండో బూటు విప్పాడు. "ఏడాది ఆఖరి ఆదివారం నా ఆఖరి ఆట. పైతాడు మీంచి దూకుతా, చిరుత తప్పుకుంటాడు, నేను పడతా, వాడు గెలుస్తాడు. ఆ తర్వాత కుర్రాళ్లకి పాఠాలు చెప్పుకుంటా. మేనేజరు మాటిచ్చాడు. తుంటి సంగతి తెలిసిందనుకో, ఆ దూకుడు తీసేసి నా చేతికి పూలగుత్తి ఇచ్చి పంపిస్తాడు. ఇరవై రెండేళ్లు తిట్లు తిని పూలతో పోనా?"

"అక్కకి..."

"అక్కకి చెప్పావో, రింగ్ ఊడదీసి నీ నెత్తినే బిగిస్తా. ఒట్టెయ్."

వడ్రంగి ఒట్టేశాడు. ఒట్టు నోటికే గానీ చేతికి కాదు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆ రెండు ముక్కల చప్పుడు వింటూ వచ్చాడు. ఎనిమిదో నెలకు రెండిటి మధ్య ఎడం పెరిగింది. పదో నెలలో ఇక ఆగలేకపోయాడు. శనివారం ఒక్కడే హాలుకు వెళ్లి, బావ పడే సగంలో కాన్వాసు విప్పి, రెండు వేళ్ల మందం స్పాంజి పరిచి, మళ్లీ లాగి కట్టేశాడు. ఎవరికీ చెప్పలేదు. ఆదివారం రింగ్ కింద స్టూలు మీద కూర్చుని, ఈసారి బావకు నొప్పి తెలియదు కదా అనుకున్నాడు.

బావకు నొప్పి తెలియలేదు. జనానికి చప్పుడూ తెలియలేదు.

ఉతికిన దుప్పటి మంచం మీద వేస్తే వచ్చేంత శబ్దం వచ్చింది. హాలు ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత వెనక వరసలోంచి ఎవడో అరిచాడు: "బొంత పడిందిరోయ్!" ఆరొందల మంది నవ్వారు. భుజం పట్టుకుని మూలగాల్సిన చిరుత మొహం మోచేతిలో దాచుకుని నవ్వాడు. లెక్క పెట్టాల్సిన రిఫరీ రెండు దగ్గర నవ్వాపుకోలేక మూడు మర్చిపోయాడు. పిడుగు అలా వెల్లకిలా పడి ఉన్నాడు. అతని వీపుకూ వడ్రంగి తలకూ మధ్య జానెడు దూరం. బావ ఊపిరి తీయడం వడ్రంగికి వినపడింది.

గంట తర్వాత సామాను గదిలో పిడుగు అతని ముందు నిలబడ్డాడు. ఇంకా రింగ్ బట్టల్లోనే ఉన్నాడు.

"నువ్వేనా?"

"నేనే బావా."

"బావమరిది బతక్కోరతాడంటారు. నువ్వు బతకనిచ్చి పరువు తీశావు." అంతే అన్నాడు. అరిచి ఉంటే వడ్రంగికి బాగుండేది.

ఆపై మూడు వారాలు బావ మాట్లాడలేదు. వీధిలో అతన్ని "బొంతా!" అని పిలిచేవాళ్లు తయారయ్యారు. అక్క ఇంట్లో ముగ్గురూ భోజనానికి కూర్చుంటే పిడుగు భార్యతో, "మీ తమ్ముణ్ణి ఆ నీళ్ల గ్లాసు ఇటు జరపమను" అనేవాడు. గ్లాసు వడ్రంగి మోచేతి దగ్గరే ఉండేది. "మీ ఆయన్ని చెయ్యి చాపమను" అనేవాడు వడ్రంగి. అక్క ఇద్దర్నీ చూసి, లేచి, గ్లాసు తీసి తనే తాగేసింది ఒకసారి.

నాలుగో వారం ఆమె గిన్నెలు కడుగుతూ తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచింది. పిడుగు బయటికి వెళ్లి ఉన్నాడు.

"ఆ స్పాంజి ఎందుకేశావు?"

వడ్రంగి నేల చూశాడు. "ఒట్టేశాను అక్కా."

"సరే, నువ్వు చెప్పకు. నేను చెప్తా, నువ్వు తలూపు. ఎడమ తుంటి. పదిహేనేళ్లుగా పక్కన పడుకునేదాన్ని, అటు తిరగడం మానేశాడని తెలీదనుకున్నారా ఇద్దరూ? అవునా?"

అతను తలూపాడు.

"మేనేజరుకి తెలిస్తే ఆఖరి ఆట ఉండదు. అవునా?"

తలూపాడు.

"ఆ ఆట ఆడకుండా ఇంట్లో కూర్చుంటే నన్ను కాల్చుకు తింటాడు. దీనికి నువ్వు తలూపక్కర్లా, ఇది నా బాధ." ఆమె చేతిలోంచి మూత జారి గచ్చు మీద పడింది. గిరగిరా తిరిగి ఆగింది. ఆమె దాన్ని తీయలేదు. "ఒరేయ్, ఈ చప్పుడు మూతదా, గచ్చుదా?"

"రెండిటిదీ."

"మరింకేం? ఆయన్ని మెత్తని చోట పడనియ్. చప్పుడు నువ్వు చెయ్. పదకొండేళ్లుగా ఆ కింద కూర్చుని ఏం ఊడబొడుస్తున్నావు?"

వడ్రంగి మూత తీసి ఆమె చేతికిచ్చాడు. వెళ్లేటప్పుడు చెప్పులు మర్చిపోయి గుమ్మం దగ్గర వెనక్కి వచ్చాడు.

పిడుగును ఒప్పించడం అక్క చూసుకుంది. ఏమందో ఎవరికీ తెలియదు. మంగళవారం ఉదయం పిడుగు ఖాళీ హాలుకు వచ్చి, బావమరిది వైపు చూడకుండా రింగ్ ఎక్కి, "మనిద్దరి మధ్య గ్లాసులు మోసే ఓపిక లేదంది మీ అక్క. చెప్పు, ఏం చెయ్యాలి?" అన్నాడు.

పైన స్పాంజి. కింద ఇనప దూలానికి బిగించిన పాత పలక. కొయ్యసుత్తితో దాన్ని కొడితే చట్రమంతా మోగి, కిటికీ అద్దాలు కదిలాయి. చప్పుడు కుదిరింది. కుదరాల్సింది సమయం.

మొదటిసారి పిడుగు దూకాడు, పలక మోగింది, ఆ తర్వాత అతను పడ్డాడు.

"ఒరే, నేనింకా గాల్లోనే ఉన్నారా! నాకే గుండె ఆగింది!"

రెండోసారి పడ్డాడు, వడ్రంగి చెవి ఒగ్గి నిర్ధారించుకుని కొట్టాడు.

"లేచి ఇంటికెళ్లి స్నానం చేశాక కొట్టకపోయావా?"

చప్పుడు విని కొడితే ఆలస్యం, ఊహించి కొడితే తొందర. మూడు రోజులు అలాగే నడిచింది. నాలుగో రోజు వడ్రంగికి ఒకటి తట్టింది. బావ పాదాలు పైతాడును వదిలేటప్పుడు మూలనున్న కొక్కెం స్తంభానికి తగిలి 'టింగ్' మంటుంది. ఆ టింగుకూ బావ వీపు కాన్వాసును తాకడానికీ మధ్య వ్యవధి ప్రతిసారీ ఒక్కటే. దాన్ని కొలవడానికి మాట కావాలి. 'ఒకటి' అంటే పొడవు చాలలేదు, 'ఒకటి రెండు మూడు' అంటే మించిపోయింది. చివరికి ఒకటి సరిపోయింది. 'అక్క మొగుడు.' టింగ్ మనగానే మొదలెట్టి 'డు' దగ్గర సుత్తి దించితే గురి తప్పలేదు.

"ఏదో గొణుగుతున్నావు, ఏంట్రా?" పైనుంచి పిడుగు అడిగాడు.

"లెక్క బావా."

ఆఖరి ఆదివారం హాల్లో కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. మేనేజరు మైకులో పిడుగు పేరు చెప్పగానే "బొంత! బొంత!" అని అరుపులు మొదలయ్యాయి. వడ్రంగి సుత్తి రెండు చేతులా పట్టుకున్నాడు. పైన అడుగులు విన్నాడు. చిరుత తొందర, బావ నింపాది. పావుగంట గడిచింది. పిడుగు మూల ఎక్కాడు.

అప్పుడు జనం లేచి నిలబడ్డారు. అరుపులు, కాళ్ల చప్పుడు. ఆ హోరులో టింగ్ వినపడే దారి లేదు. ఖాళీ హాల్లో సాధన చేసినవాళ్లకు ఈ సంగతి తట్టలేదు.

వడ్రంగి స్టూలు తన్నేసి మోకాళ్ల మీద మూలకు పాకాడు. స్తంభం మొదలు నుంచి పలక చేతికి అందేంత దూరమే. చెంప ఇనుముకు ఆనించాడు. చల్లగా తగిలింది. పైన ఒక పాదం, రెండో పాదం. కొక్కెం తగలడం అతను వినలేదు, పంటికి తెలిసింది.

అక్క మొగుడు.

సుత్తి దిగింది. దూలం మోగింది, చట్రం మోగింది, అతని పళ్లు మోగాయి. హాల్లో అరుపు మధ్యలో తెగింది.

ఆ నిశ్శబ్దంలో వడ్రంగికి ఇంకోటి తెలిసొచ్చింది. ఇన్నేళ్లలో బావ పడగానే ఎలా ఉన్నాడో అతనికి అందరికంటే ముందు తెలిసేది. ఈసారి తన దెబ్బే ఆ చప్పుణ్ణి మింగేసింది. తుంటి ముందు పడిందా, వీపు పడిందా, స్పాంజి కాచిందా లేదా, ఏమీ తెలియదు. నల్లగుడ్డ ఎత్తి చూస్తే ఆట పోతుంది. సుత్తి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. రిఫరీ అరచెయ్యి కాన్వాసు మీద పడింది. ఒకటి. రెండు. మూడు. మధ్యలో బావ ఊపిరి కోసం వెతికాడు. మూడు తర్వాత జనం మళ్లీ అందుకున్నారు. ఈసారి బొంత అనడం లేదు. ఇరవై రెండేళ్లుగా తిట్టిన మనిషిని పేరు పెట్టి పిలుస్తున్నారు.

పైన ఎవరో లేచారు. అడుగులు మొదలయ్యాయి. కుడి, ఎడమ, కుడి, ఎడమ. నింపాది. తాళ్ల వైపు పోలేదు. రింగ్ మధ్యకు వచ్చాయి, మూలకు తిరిగాయి, సరిగ్గా అతని తల పైన ఆగాయి. పిడుగు ఎడమ కాలితో పలక మీద రెండుసార్లు తన్నాడు. దుమ్ము రాలి వడ్రంగి కళ్లలో పడింది. కళ్లు తుడుచుకున్నాడు. దుమ్ము పోయాక కూడా కాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు.

పది రోజుల తర్వాత అక్క ప్రూఫు కాగితాలు ఇంటికి తెచ్చింది. మేలు పేజీలో మొదటిది: 'పిడుగు ఆఖరి దూకుడు'. నాసి పేజీలో మొదటిది: 'బొంత'. ఆమె ఎర్రపెన్ను మూత తీసి మొగుడి వైపు చూసింది.

"రెండోది మేనేజర్ని అడిగి తీయించనా?"

"ఉండనీ. నిజమే కదా." పిడుగు కాగితం తీసుకుని బావమరిది ముందు పెట్టాడు. "చూసుకో. ఈ ఏటి మేలూ నువ్వే, నాసీ నువ్వే. ఒక్క చోటా నీ పేరు లేదు."

"నా పేరెందుకు బావా, నేను బతక్కోరేవాణ్ణి."

"ఇంతకీ ఆ లెక్కేంట్రా? ఏదో గొణిగేవాడివి."

వడ్రంగి చెప్పాడు. అక్క పెన్ను వదిలేసి నవ్వింది. పిడుగు నవ్వలేదు. గ్లాసు తనే చెయ్యి చాపి అందుకుని, నీళ్లు తాగి, కింద పెట్టాడు.

"పై ఆదివారం నుంచి చిరుతకి పాఠాలు. వాడి చేతులు ముందు పడతాయంటావుగా. నేను కూడా వినాలి. కింద ఇంకో స్టూలు వెయ్యి."

"వీపు ఆనించే పలక ఉన్నదా, లేనిదా?"

"ఉన్నదే. ఎడమవైపు కాస్త ఎత్తుగా."

వడ్రంగి జేబులోంచి టేపు తీసి, బావను నిలబడమన్నాడు.