బొమ్మల గిన్నె, ఉప్పుమడి నడక

ఆ పొద్దున ఆకాశం తోమి బోర్లించిన సత్తుగిన్నెలా తెల్లగా ఉంది. సముద్రం వైపు మాత్రం, తాటిచెట్ల తలలకు కాస్త పైన, ఒక నల్లమబ్బు కదలకుండా నిలబడింది. ఉప్పు పండించే ఊళ్ళో అలాంటి మబ్బును అందంగా ఉందని ఎవరూ చూడరు. చినుకు పడేలోగా కుప్పలు కప్పుకోవాలని మనుషులు అప్పటికే గట్ల మీద తాటాకులు మోసుకుంటూ తిరుగుతున్నారు. ఆ గట్ల పక్కనుంచి దుమ్ము రేపుకుంటూ ఒక కారు పోతోంది. దాని వెనక సీట్లో నేనున్నాను.

నేను ఒక ఇత్తడి గిన్నెను. వండుకునే గిన్నెను కాను. నా గోడ చుట్టూ నిలువునా సన్నని చీలికలున్నాయి. అడుగున ఇరుసుంది. బొమ్మలు గీసిన కాగితపు పట్టీని నా లోపల చుట్టి, చేత్తో ఒక్క తిప్పు తిప్పి, చీలికల్లోంచి చూస్తే బొమ్మ కదులుతుంది. గుర్రాన్ని గీస్తే పరిగెడుతుంది, పిల్లిని గీస్తే ఒళ్ళు నాక్కుంటుంది. సినిమాల్లో, టీవీల్లో బొమ్మలకు ప్రాణం పోసేవాళ్ళలో మేటి అనిపించుకున్నవాళ్ళకు ఏటేటా ఇచ్చే బహుమానాన్ని నేను. ఇచ్చేది ఒక్క ఏడాదికే. మరుసటి ఏడు తెచ్చి అప్పగించాలి.

ఆ కారు ప్రయాణం తర్వాత నాలో కొత్త పట్టీ పడలేదు, ఇప్పుడు నన్నెవరికీ ఇవ్వడం లేదు. విశాఖపట్నంలో, ఈ బహుమానం ఇచ్చే మండలి వారి ఆఫీసులో, బీరువా మీద, పాత బ్యానర్ల చుట్టల పక్కన ఖాళీ కడుపుతో కూర్చున్నాను. నా బదులు గాజు పలకలు ఇస్తున్నారు. అవి తిరగవు.

నేను పుట్టింది ఇత్తడి పనికి పేరుపడ్డ బుడితిలో. కంచరి లచ్చన్న అచ్చు కట్టి, కాగిన ఇత్తడి పోసి, చల్లారాక ఆకురాయితో రాచి నన్ను చేశాడు. చేయించింది చిదంబరం మాస్టారు. ఆయన బళ్ళో డ్రాయింగు చెప్పేవాడు, సెలవుల్లో సినిమా హాళ్ళకు కదిలే బొమ్మల ప్రకటనలు గీసేవాడు. గోడకు చీలికలు కోయమంటే లచ్చన్న పని ఆపేశాడు.

"ఇదేటి మాస్టారూ, ఇన్ని కంతలెట్టమంతన్నారు? పప్పొండితే నేలపాలే గదా?"

"పప్పు కాదులే లచ్చన్నా. ఇందులో గుర్రాన్ని పరిగెత్తిస్తాను."

లచ్చన్న ఇంట్లోకి తిరిగి, "ఒలే, మాస్టారికి కాసింత మజ్జిగియ్యి. ఎండ తగిలినట్టుంది" అన్నాడు.

మొదటి సభ ఒక బడి వరండాలో జరిగింది. వచ్చినవాళ్ళందరూ రెండు బెంచీల మీద సరిపోయారు. అప్పట్లో ఈ పని చేసేవాళ్ళు ఆ కొద్దిమందే. ఒకాయన సబ్బు ప్రకటనలో బుడగ మీద ఎక్కిన పిల్లను గీశాడు. ఒకామె టీవీ పాఠాల్లో వాన గీసింది. మాస్టారు ఒకే ఒక కట్టుబాటు పెట్టారు. నన్ను అప్పగించే రోజున, కిందటేడు గెలిచిన మనిషి అందరి ఎదుటా పీట వేసుకుని కూర్చోవాలి. ఏ పనికి గెలిచాడో ఆ కదలికను అక్కడికక్కడ పట్టీ మీద గీసి, నా కడుపులో పెట్టి తిప్పాలి. అందరూ వరసగా వచ్చి చూడాలి. తర్వాత నేను కొత్తవాడి చేతికి వెళ్తాను. అంటే గెలిచిన ప్రతివాడి ఇంట్లోనూ ఏడాదంతా పాతవాడి చేతిగీత ఉంటుంది. నా మీద పేర్లు చెక్కే పని లేదన్నారు మాస్టారు. గీయగలిగినవాడిని అందరూ చూశాక పేరెందుకని ఆయన లెక్క.

అలా ఇల్లిల్లూ తిరిగాను. సబ్బు బుడగ ఆయన నన్ను దేవుడి గూట్లో పెట్టి, భార్యను కూడా తాకనివ్వలేదు. వాన గీసినామె ఇంట్లో అత్తగారు నాలో ఎండుమిరపకాయలు పోసింది. రెండిళ్ళలోనూ నాకేమీ తక్కువ కాలేదు. మనుషులు ఒక వస్తువును గెలిచేదాకా దాని గురించి కలలు కంటారు, గెలిచాక ఎక్కడ పెట్టాలో తెలియక ఇల్లంతా తిప్పుతారు.

కంప్యూటర్లు వచ్చాయి. పెన్సిలు పట్టడం మరిచిపోయిన ఒక కుర్రాడు పీట మీద కూర్చుని చెమటలు కక్కాడు. చివరికి ఎగిరిపడే బంతి ఒక్కటే గీయగలిగాడు. అయినా సభ చప్పట్లు కొట్టింది. వచ్చింది గీశాడు, రానిది వచ్చని చెప్పలేదు. ఆ రోజుల మీద నాకింకా మమకారం ఉంది.

మాస్టారు పోయాక మండలి పెద్దదయింది. సభ హోటలు హాల్లోకి మారింది. డబ్బిచ్చేవాళ్ళు వచ్చి, ఫోటోలో పేరు కనపడాలి కదా అన్నారు. నా పీఠానికి కంతలు పొడిచి, గెలిచినవాళ్ళ పేర్లతో రేకులు బిగించడం మొదలెట్టారు. పీట కట్టుబాటు మాత్రం పాతవాళ్ళ మొహం చూసి అలాగే ఉంచారు. ఎవరు ఏది గీశారన్నది అంతకుముందు కళ్ళతో చూసి తేల్చేవారు. ఇప్పుడు ముందు నోటిమాట నమ్మి రేకు బిగించి, గీతను ఏడాది తర్వాత చూస్తున్నారు. ఆ సందులోనే నా కథ చెడింది.

నీలవేణి ఆ ఉప్పుమడుల ఊరి పిల్ల. విశాఖలో ఒక స్టూడియోలో బొమ్మలు గీసేది. ఆమెకు అద్దం కింద దీపం వెలిగే లైటు బల్ల ముందు కూర్చోవడం దగ్గర్నుంచి, వేళ్ళ సందున కాగితాలు దొంతరగా పట్టి ఆడిస్తూ కదలిక సరిచూసుకోవడం దాకా నేర్పింది మురహరి. ఆ పిల్ల అతన్ని అన్నా అని పిలిచేది. టీవీ కోసం ఒక ఉప్పు రైతు కథ తీస్తూ మురహరి ఆమెతో వాళ్ళ ఊరు వచ్చాడు. నీలవేణి తండ్రి గవరయ్య మడిలో నడుస్తుంటే గట్టు మీద కూర్చుని చూశాడు. ఆ నడక వేరు. ముందు మడమ ఆనించి ఉప్పు పొర గట్టిపడిందో లేదో తెలుసుకుంటాడు, తర్వాత పాదం దించుతాడు, ఎత్తేటప్పుడు పుళ్ళలోకి ఉప్పునీరు దిగకుండా పాదాన్ని చిన్నగా విదిలిస్తాడు. గవరయ్య ఆ పూట పని మానుకుని వాళ్ళకోసం అటూ ఇటూ నడిచాడు.

"నీ నడకకు మీ అమ్మాయి పేరు పడుతుంది మావా, తెర మీద" అన్నాడట మురహరి. గవరయ్య ఆ మాటను మడులన్నిటికీ చెప్పుకున్నాడు.

నెలల తరబడి గీసింది నీలవేణి. చిత్రాన్ని మండలికి పంపినప్పుడు, ఆ నడక తన చేతిదేనని మురహరి చెప్పాడు. సభలో అతని పేరు పిలిచేదాకా ఆ పిల్లకు తెలియదు. చప్పట్లు కొడుతూ లేచింది. నడక గీసినందుకే ఈ బహుమానమని చదివేసరికి సగంలో ఆమె చేతులు ఆగిపోవడం మురహరి చంకలోంచి నేను చూశాను. ఆ వారమే ఉద్యోగం వదిలి ఊరికి వెళ్ళిపోయింది. తండ్రికి సెలవులని చెప్పిందట.

ఏడాదంతా నేను మురహరి ఇంట్లో ఉన్నాను. నా లోపల ముందటివాడి పిల్లి ఒళ్ళు నాక్కుంటూనే ఉంది. అప్పగించే రోజు దగ్గరపడేకొద్దీ మురహరి బల్ల ముందు కూర్చుని గీసేవాడు, చించేవాడు. చిత్రంలోంచి చూసి దించితే వచ్చేది. చూడకుండా గీస్తే ఆ ముసలాయన పాదం విదిలించేవాడు కాదు, కుంటేవాడు. ఒకరోజు మురహరి కుడి అరచేతికి తెల్లగుడ్డ చుట్టుకున్నాడు. దెబ్బ తగలడం నేను చూడలేదు. మర్నాడే ఈ ప్రయాణం.

కారు గవరయ్య ఇంటి ముందు ఆగింది, నన్ను పట్టుకుని మురహరి దిగాడు. ముందు చూసింది పక్కింటి పారమ్మ.

"ఓలమ్మో, గవరయ్యోయ్! మీ గుంట నీలవేణికి బగుమానం వచ్చినాది! కారెక్కి వచ్చినాది!"

గవరయ్య తాటాకులు గట్టు మీదే పడేసి, మోకాళ్ళదాకా ఉప్పు పూసుకున్న కాళ్ళతో పరిగెత్తుకొచ్చాడు. ఆ ఊళ్ళో పెళ్ళి చీరైనా, బళ్ళో గెలిచిన పలకైనా, పెద్దవాళ్ళెవరో ఒకరు గడపదాకా తెచ్చి ఇవ్వడం మర్యాద. బహుమానం గడపలోకి వచ్చిందంటే అది ఆ ఇంటిదే. ఆయన అలాగే అనుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు.

"సెప్పిన మాట నిలబెట్టుకున్నావు బావూ. నీ కడుపు సల్లగుండ."

మురహరి నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. కాదనలేదు. ఇన్నేళ్ళలో నన్ను చాలామంది చాలా రకాలుగా వాడుకున్నారు. ఆ మౌనానికి వాడుకున్నది మాత్రం అతనొక్కడే.

అరుగు మీద పెట్టి నాకు పసుపు రాశారు, బొట్టు పెట్టారు. ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే కన్ను పెట్టి చూశారు.

"ఇదేటి, పిల్లి?" అంది పారమ్మ. "గవరయ్య నడకన్నారు, పిల్లినెట్టినారు. అయినా మొకం మాత్రం గవరయ్యదేలే."

అందరూ నవ్వారు. గవరయ్య అందరికన్నా పెద్దగా నవ్వాడు. నీలవేణి గుమ్మంలో నిలబడి ఉంది, నవ్వలేదు. "నీ నడక ఇంకా ఎట్టనేదు నాయినా" అని మాత్రం అంది. చేప తెస్తానని తండ్రి రేవు వైపు వెళ్ళాడు. జనం మబ్బు చూసుకుంటూ మడులకు పోయారు. అరుగు మీద నేను, వాళ్ళిద్దరూ మిగిలాం.

"చెయ్యి బాగులేదు నీలా" అన్నాడు మురహరి. "సభలో నా బదులు నువ్వు గీయాలి. నా శిష్యురాలు గీస్తుందని చెప్పాను, ఒప్పుకున్నారు."

"ఎప్పుడు తగిలింది సార్ దెబ్బ?"

"సార్ ఏమిటి? అన్నా అనవా?"

ఆ పిల్ల అతని చేతి కట్టు వైపు చూసింది.

"చూడు, స్టూడియో నా పేరు మీద నడుస్తోంది. ఈ బహుమానం చూసి టీవీవాళ్ళు ముప్పైమందికి సరిపడా పనిచ్చారు. అక్కడ గీత రాకపోతే నా పరువొక్కటే కాదు పోయేది. వచ్చే ఏడు నీ పేరు నేనే పంపిస్తాను. ఒట్టు."

"మా నాయినకి కూడా మాటిచ్చారు కదా సార్."

"ఆయన సంతోషంగానే ఉన్నాడు కదా! చూశావుగా. నువ్వు వచ్చి గీస్తే ఆ సంతోషం అలాగే ఉంటుంది. నువ్వే గెలిచావనుకుంటాడు. ఎవరికి నష్టం చెప్పు?"

నీలవేణి చాలాసేపు నావైపు చూసింది. ఆమె ఏమంటుందోనని నేను నిజంగా భయపడ్డాను. ఆమె సరేనంటే గవరయ్య నడక నా కడుపులో చేరుతుంది, దాన్ని సభలో అందరూ చూస్తారు, ఆ ముసలాయన ఊళ్ళో తలెత్తుకుని తిరుగుతాడు. కాదంటే ఈ అరుగు మీది పండుగ ఈ పూటతో సరి. పక్కనే తొక్కేసిన పసుపుకొమ్ము ఉంది. దాన్ని తీసి నీలవేణి అరుగు అంచున పెట్టింది.

"నాయిన రానీ" అంది.

గవరయ్య వచ్చాడు. పులుసు ఉడికింది. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన నా పీఠం ముందు గొంతుక్కూర్చున్నాడు. వరసగా ఉన్న రేకుల మీద వేలితో తడిమాడు. ఆయనకు అక్షరాలు కూడబలుక్కునేంత చదువు కూడా రాదు.

"ఇందులో నీ పేరేదమ్మా? నీ ఏలెట్టి సూపించు. ఓపాలి ముట్టుకుంతాను."

మురహరి తల అడ్డంగా ఊపాడు, ఆ పిల్లకు మాత్రమే కనపడేటట్టు.

నీలవేణి వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. చివరి రేకు మీద వేలు పెట్టింది. బళ్ళో పాఠం చదివినట్టు చదివింది.

"ఇది ఈ ఏడుది నాయినా. బి. మురహరి అని ఉంది."

"మరి నీది?"

"నేదు."

గవరయ్య వేలు ఆ రేకు మీదే ఆగింది. నా ఇత్తడికి ఆ వేలి గరుకు తెలిసింది. ఆయన కూతురి మొహంలోకి చూశాడు, మురహరి వైపు చూశాడు. మురహరి కట్టు కట్టిన చెయ్యిని ఒళ్ళో దాచుకున్నాడు.

"నా నడక ఈయన గీసినాడా?"

"నేనే గీసినాను నాయినా. ఇప్పుడు మళ్ళా గీయమని వచ్చినాడు. గీయను."

కేక వేస్తాడనుకున్నాను. గిన్నెను, నన్నే, వీధిలోకి విసురుతాడనుకున్నాను. గవరయ్య మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. లేవడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది.

"పొద్దెక్కిపోనాది. కంచాలెట్టమ్మా. ఇంటికొచ్చిన మనిసి తిని ఎల్తాడు."

మురహరి ఏదో చెప్పబోయాడు. "మావా, అసలు..."

"కూకో బావూ."

కూర్చున్నాడు. అరుగు మీదే ముగ్గురి ముందూ కంచాలు పెట్టారు. ఆ ఇంట్లో వచ్చినవాడికి ముందు వడ్డిస్తారు. చేప తలకాయ కూడా అతనికే పడుతుంది. కిందటిసారి మురహరికి అలాగే పడిందని కారులో అతనే డ్రైవరుకు చెప్పాడు. గవరయ్య అన్నం కుండ అందుకుని నీలవేణి కంచంలో మొదట పెట్టాడు. తలకాయ ముక్క వెతికి తీసి, పులుసు కారకుండా చెయ్యి అడ్డం పెట్టి, ఆమె అన్నం మీద ఉంచాడు. తర్వాత మురహరికి పెట్టాడు. చివర తను పెట్టుకున్నాడు.

మురహరి కంచం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎడమచేత్తో తినడం ఆ ఇంట్లో కుదిరే పని కాదు. వాళ్ళిద్దరూ ముద్ద కలపకుండా అతనికోసం ఆగారు. కాసేపటికి అతను తెల్లగుడ్డ ముడి విప్పాడు. చుట్టు తర్వాత చుట్టు ఊడదీసి పక్కన పెట్టాడు. అరచేతిలో గీరుకున్న గుర్తు కూడా లేదు. తండ్రీ కూతుళ్ళు ఆ చేతిని చూశారు.

గవరయ్య నీళ్ళ చెంబు అతని వైపు జరిపాడు. మురహరి చెయ్యి కడుక్కున్నాడు. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.