ఫ్యూజు చోట వైరు

"చేతులు కడిగావా?"

మా అత్తగారు ఈ మాట అన్నం వండే ముందు అడగదు, నా కూతురు తుకాకు జడ వేసే ముందు అడగదు. వీధి గేటు సందులోంచి టీ పళ్ళెం అందించే ముందు మాత్రం తప్పకుండా అడుగుతుంది. గేటు అవతల కూర్చునే మగవాళ్ళకు నాలో కనిపించేది ఆ చేతులొక్కటే మరి. బట్టలుతికే పొడి చల్లుకుని, నిమ్మచెక్కతో గోళ్ళ కింద రుద్దుతాను. గ్రీజు పోతుంది, దాంతోపాటు కాస్త తోలు కూడా పోతుంది.

మా ఆయన రజాక్ కార్ల కరెంటు పని చేస్తాడు. పనిమంతుడని మా బస్రా ఊళ్ళో సగం మంది ఆయన్ను ఉస్తా అని పిలుస్తారు. బండిని మా లోపలి వాకిట్లోకి తోలుకొచ్చి గేటు మూసేస్తాడు. "లోపల ఆడవాళ్ళున్నారన్నా" అంటే చాలు, ఎంత తొందరలో ఉన్నవాడైనా తొంగి చూడడు. ఆ ఆడవాళ్ళలో ఒకదాన్ని నేను. డాష్‌బోర్డు కింద తల దూర్చి పడుకునేది నేనే. నేను కనిపెట్టిన జబ్బును ఆయన బయట కుర్చీలో కూర్చుని వాళ్ళకు వివరిస్తాడు. అసలీ పని మా నాన్నది. రజాక్‌కు కూర్చోబెట్టి నేర్పాడు. నేను పనిముట్లు అందిస్తూ చూశాను, అంతే. పెళ్ళైన కొత్తలో ఒక పాడైన హారన్ బాగుచేస్తే, "నీకు ఓపిక ఎక్కువే పిల్లా" అని రజాక్ మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను, పిచ్చిదాన్ని.

నిన్న ఖలఫ్ వ్యాను మళ్ళీ వచ్చింది. ఖర్జూరాలు ఏరే షెడ్డుకు ఆడవాళ్ళను చేరవేస్తుంటాడు. ఈ నెలంతా సముద్రం వైపు నుంచి తడిగాలి, ఊపిరాడదు.

"ఏసీ ఫ్యాను తిరగట్లేదు ఉస్తా. నువ్వేసిన ఫ్యూజు ఒక్క పూట నిలిస్తే ఒట్టు! ఆ పక్క తలుపేమో లోపల్నుంచి తెరుచుకోదు. మమ్మల్ని ఉడకబెట్టి దించుతున్నావురా అని ఆడవాళ్ళవి ఒకటే తిట్లు" అంటూ నవ్వాడు ఖలఫ్. గేటు ఇవతల నాకు వినిపించింది.

నేను కొత్త ఫ్యూజు పెట్టి స్విచ్చి తిప్పాను. ఫ్యాను ఒకసారి మూలిగింది, ఫ్యూజు పోయింది. దారిలో ఏ వైరైనా ఒరుసుకుపోయి రేకుకు తగులుతోందేమోనని, మోటారు ప్లగ్గు ఊడదీసి ఇంకో ఫ్యూజు పెట్టాను. అది నిలిచింది. అంటే వైర్లది తప్పు కాదు. మోటారు దించి వేలితో ఫ్యాను తిప్పబోతే మొరాయించింది. షెడ్డు దుమ్ము, ఖర్జూరం జిగురు కలిసి లోపల గడ్డకట్టాయి. తిరగలేని మోటారు కరెంటును అంతకంతకూ ఎక్కువ లాగుతుంది. ప్లగ్గు అప్పటికే ఒక మూల కరిగింది. చేతిలో కాలిన ఫ్యూజును చూస్తుంటే నాకు అసూయ పుట్టింది. ఇక నావల్ల కాదని చెప్పగలిగింది మా వాకిట్లో అదొక్కటే.

రజాక్ లోపలికి రాగానే మోటారు మార్చాలన్నాను.

"ఇవాళ ఎక్కడ దొరుకుతుంది? సాయంత్రం అస్ర్ నమాజుకల్లా ఇచ్చేస్తానని మాటిచ్చాను. ఫ్యూజు తీసేసి వైరు చుట్టు."

"నిప్పంటుకుంటుంది. వెనక ఆడవాళ్ళుంటారు. తలుపు కూడా తెరుచుకోదంటున్నాడుగా!"

"నాకు చెప్పొచ్చావా? మీ నాన్నా ఇంతే. చూసిందే చూసి చూసి చివరికి కొట్టు మూసుకున్నాడు."

నేను కదల్లేదు. తనే మోటారు ఎక్కించి, ఫ్యూజు చోట రాగి వైరు చుట్టాడు. ఫ్యాను మూలుగుతూ తిరిగింది. "చూశావా?" అని చేతులు తుడుచుకుని బయటికి పోయాడు. "అయిపోయింది ఖలఫ్! ఏమే, టీ పట్రా" అని కేక వినిపించింది.

టీ మరిగేలోపు వెళ్ళి ఆ వైరు ముట్టుకున్నాను. వేలు చురుక్కుమంది. తెల్లారితే ఆ వ్యాన్లో కూర్చునేది నాలాంటి వాళ్ళే, పిల్లలకు జడలు వేసి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. స్విచ్చి ఆపి, పటకారుతో వైరు పీకి, కరిగిన ప్లగ్గు కూడా కోసి, రెండింటినీ టీ పళ్ళెంలో చక్కెర పక్కన పెట్టాను.

"చేతులు కడిగావా?" అంది అత్తగారు.

"లేదు."

గేటు సందుగా కాదు, పూర్తిగా తెరిచాను. పరాయి ఆడది ఎదురుపడగానే ఖలఫ్ మర్యాదగా తల దించుకున్నాడు. దించుకున్న కళ్ళకు పళ్ళెం కనిపించింది. కాలిన వైరు, మోచేతుల దాకా నల్లబడిన నా చేతులు కనిపించాయి.

"ఈ బండి నిప్పంటుకుంటుందన్నా. మోటారు మార్చేదాకా ఎవర్నీ ఎక్కించకు" అన్నాను.

"దాని మాటలకేంగానీ..." అని లేచాడు రజాక్.

ఖలఫ్ చెయ్యెత్తి ఆయన్ను ఆపాడు. రజాక్ శుభ్రమైన చేతుల్ని ఒకసారి చూసి, మళ్ళీ నా చేతుల్నే చూస్తూ మెల్లగా అడిగాడు.

"మరి ఇప్పుడేం చెయ్యమంటావు, ఉస్తా?"

నా వెనక ఇంటి తలుపుకు అత్తగారు లోపల్నుంచి గడియ పెట్టిన చప్పుడు వినిపించింది. తుకా లోపలే ఉంది. నేను వెనక్కి తిరగకుండా, ఎలాంటి మోటారు కొనాలో, కొనేముందు వేలితో ఎలా తిప్పి చూడాలో ఖలఫ్‌కు చెప్పడం మొదలుపెట్టాను.