వాడరేవు వాళ్ళమని చెప్పినందుకు

పొద్దున తొమ్మిదింటికి మా మిరప చేలోకి జేసీబీ దిగింది. రెండో కోతకు వచ్చిన కాయ, చేనంతా ఎర్రగా ఉంది. మొక్కలు వేళ్ళతో సహా లేచి బోర్లా పడుతుంటే మా ఆయన యలమంద చేతులు చాపి దానికి అడ్డం నిలబడ్డాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆయన్ని రెక్కలు పట్టుకుని గట్టు మీదకు లాగేశారు. పాపను చంకనేసుకుని నేను అరుస్తూనే ఉన్నాను. ఏమని అరిచానో నాకే తెలియదు.

“ఎందుకమ్మా గోల? ఇది సర్కారు భూమి. సోలార్ కంపెనీకి ఇచ్చేశాం,” అన్నాడు తహసీల్దారు. “మీరు ఇక్కడివాళ్ళు కాదు. ఎక్కడి నుంచో వచ్చి సాగు చేసుకుపోయేవాళ్ళు. సర్వేలో మీరే చెప్పారుగా! ముప్పై ఏడు గడపలుంటే ముప్పై ఏడూ ‘మాది వాడరేవు’ అన్నాయి.”

చేను ఒక మూల పోయాక, పదిహేను రోజుల్లో విచారణకు రమ్మని కాగితమిచ్చి జేసీబీని వెనక్కి తిప్పారు.

కూలి చేసుకునే అక్కల్లారా, చదువుకునే తమ్ముళ్ళారా, మా తప్పు మీకు దాచకుండా చెప్పాలి. అరవై తొమ్మిది తుఫానుకు సముద్రం పొలాల మీదికొచ్చి చేలన్నీ చవిటి నేలలైపోతే మా తాతలు వాడరేవు దగ్గర నుంచి బళ్ళు కట్టుకుని అద్దంకి అవతలకు వచ్చారు. బీడు భూమిలో కంప కొట్టి పల్లె కట్టారు. చుట్టుపక్కల వాళ్ళు దాన్ని కంపపాలెం అన్నారు. మాకా పేరు నామోషీ. పెళ్ళికి పీటల కింద వాడరేవు ఇసుక పొయ్యనిదే మా ఇళ్ళలో తాళి కట్టరు. సంబంధం వాళ్ళు ఏ ఊరని అడిగినా, ఆస్పత్రిలో నర్సు అడిగినా, మాది వాడరేవే. నేనక్కడ రెండుసార్లు కూడా నిలబడి ఎరగను. అయినా సర్వే అబ్బాయి ట్యాబు పట్టుకుని వచ్చినప్పుడు ఇంటరు సగం చదివినదాన్ననే గొప్పతో ఒక్కో అక్షరం పలికి మరీ రాయించాను.

ఆ సాయంత్రం బడి వరండాలో జనం కొట్టుకునేదాకా వచ్చారు.

“చదువుకున్న దానివి, నీకన్నా బుద్ధుండొద్దటే?” అని ఒకాయన నా మీదికొచ్చాడు.

“ఒరేయ్, పిల్లదాన్నంటావేందిరా? నువ్వేం చెప్పావ్?” అన్నాడు పెద్దాయన సీతారామాంజనేయులు. మా పల్లెలో ఆయన మాటే మాట.

“నేనూ వాడరేవనే అన్నాలే.”

ఏడవాల్సిన చోట అందరూ నవ్వారు. నవ్వు ఆగాక పెద్దాయన తేల్చాడు. పదిహేను రోజుల్లో విచారణ ఉంది. ఎవరు ఎప్పుడొచ్చారో, ఏ పొలం ఎవరు బాగుచేశారో వంశాల వారీగా రాసి ఇవ్వాలి. “రాసేది దివ్య. చెడగొట్టింది అదే, బాగుచేసేదీ అదే.”

మా అమ్మమ్మ సుబ్బరావమ్మతో మొదలుపెట్టాను. యలమంద నాకు మేనబావ, కాబట్టి మా ఇద్దరి వంశం కథా ఆమె దగ్గరే ఉంది. ఆమె చెబుతుంటే నోటుబుక్కులో రాసుకున్నాను. మా తాత వెంకయ్య, పెద్దాయన వాళ్ళ నాన్న, ఇంకో పది కుటుంబాలు. ఒక్క ఎండాకాలంలో రెండొందల ఎకరాల కంప కొట్టారట.

“పన్నెండు కుటుంబాలే కదా అమ్మమ్మా, అందులో సగం చంటిపిల్లల తల్లులు. అంత కంప ఎవరు కొట్టారు?”

ఆమె చేతి కర్ర పక్కన పెట్టింది. “మన పనోళ్ళు కూడా వచ్చారులేవే బళ్ళ వెనకాల నడుచుకుంటా.”

“ఎవరు?”

“ఏసోబు వాళ్ళు. కొట్టిన దాంట్లో నాలుగో పాలు మీదేనన్నాడు మీ తాత. తర్వాత... ఇవ్వలేదు. ఏసోబుకి ముల్లు దిగి కాలు కుళ్ళింది. ఒంగోల్లో తీసేశారు. రాయబాకే, ఎందుకది?”

ఏసోబు మనవరాలు క్రిస్టీనా మా చేలల్లో కోత మేస్త్రి. యాభై మంది ఆడవాళ్ళు ఆమె మాట మీద చేలో దిగుతారు. వాళ్ళ కాలనీ వాగు గట్టు మీద ఉంది. వాన పడితే నీళ్ళు గడప దాటతాయి. ఇన్నేళ్ళలో నేను ఆ గడప తొక్కింది అదే మొదటిసారి.

“ఏందమ్మాయ్, దారి తప్పావా?” అంది క్రిస్టీనా.

సంగతి చెప్పాను. ఆమె లేచి పక్కనే ఉన్న చర్చి పెట్టెలోంచి ఒక పాత పుస్తకం తెచ్చింది. పిల్లలకు బాప్తిస్మం ఇచ్చినప్పుడు పాస్టరు గారు రాసుకున్న లెక్క. వేలు పెట్టి చూపించింది. “1970. ఏసోబు కొడుకు. ఊరు కంపపాలెం. తండ్రి పని: వెంకయ్య గారి పొలంలో కంప నరకడం.”

మేమప్పటికే ఇక్కడున్నామని మా తాత పేరుతో సహా ఉంది!

“ఇస్తావా అక్కా?”

“ఇస్తా. నువ్వు మొత్తం రాస్తే ఇస్తా. మా తాత కాలు, మా నాలుగో పాలు, అన్నీ. సగం రాసే చరిత్రకి మా పుస్తకం బయటికి రాదు.”

ఇంటికొచ్చి చెబితే యలమంద మంచం మీంచి లేచాడు. “ఉండేది మూడెకరాలు. అందులో నాలుగో పాలు పోతే రేపు పాపకేం మిగులుద్దే?”

“రాయకపోతే మూడూ పోతాయి బావా.”

“పోతే అందరితో పాటు పోతాయి. నీ చేత్తో నువ్వే రాసిస్తావా?”

పాప ముఖం చూస్తే రాయాలనిపించలేదు, క్రిస్టీనా గడప తలుచుకుంటే రాయకుండా ఉండలేకపోయాను. చివరికి రాశాను. ఎవరికీ చూపించలేదు.

విచారణ రోజు షామియానా కింద ఒక పక్క మేము, ఒక పక్క కాలనీ వాళ్ళు. నేను లేచి చదివాను. ఏసోబు పేరు రాగానే పెద్దాయన అరిచాడు. “ఆపు! ఎవరడిగారే నిన్ను అది?”

అమ్మమ్మ కర్ర ఊతంతో లేచింది. “చదవ్వే. ఆ కాలు నా ఇంటి ముందే కుళ్ళింది. అబద్ధమైతే ఆయన్ని చెప్పమను.”

పెద్దాయన లేచాడు. కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. పదకొండు గడపలు ఆయన వెనకే లేచిపోయాయి. క్రిస్టీనా పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది.

తహసీల్దారు రెండు పేజీలు తిరగేసి నవ్వాడు. “ఇది సర్కారు రికార్డు కాదుగా. అయినా చూడు క్రిస్టీనా, వీళ్ళు మీకు అన్యాయం చేశారని వీళ్ళే ఒప్పుకున్నారు. కాలనీ వాళ్ళంతా సంతకం పెట్టి పక్కకు రండి. మీకు వేరేచోట ఇళ్ళ స్థలాలు రాయిస్తా.”

అందరూ క్రిస్టీనా వైపు చూశారు. మేం చేసిన దానికి వాళ్ళు వెళ్ళిపోయినా తప్పు పట్టే నోరు మాకు లేదు.

“వీళ్ళ సంగతి మేం తేల్చుకుంటాం సార్,” అంది క్రిస్టీనా. “అది మా మధ్య తగువు. దాన్ని అడ్డం పెట్టుకుని మధ్యలో మీరు భూమి పట్టుకుపోతారా? మీ స్థలం మీరే ఉంచుకోండి.”

కాలనీ వైపు నుంచి ఒక్కరు కదల్లేదు.

మర్నాడే జేసీబీలు మూడొచ్చాయి. క్రిస్టీనా అడ్డం కూర్చుంది. ఆమె పక్కన వచ్చి కూర్చున్న రెండో మనిషిని చూసి నేను నమ్మలేకపోయాను. మా యలమంద. నాతో మూడు రోజులుగా మాట్లాడని మనిషి. జేసీబీలు ఆ పూటకు ఆగాయి, ఇద్దర్నీ మాత్రం ఒకే వ్యానులో పడేసి తీసుకెళ్ళారు. వ్యాను తలుపు సందులోంచి ఆయన అరిచాడు. “కాయ రాలిపోద్దే! కోత ఆపబాకండి!”

పాప రాత్రంతా నాన్నా నాన్నా అంటూనే ఉంది. అయినా తెల్లారి పాపను అమ్మమ్మకిచ్చి చేలోకి పోయాను.

మాలో ఒక ఆనవాయితీ ఉంది. ఆసామి ఇంటి ఆడవాళ్ళు మొక్కల మధ్య సాలులో దిగి కూలోళ్ళతో కలిసి కొయ్యరు. గట్టు మీద నిలబడి కల్లంలోకి పోసే కాయ చూసుకుంటారు. ఆ రోజు క్రిస్టీనా లేదు, అయినా కోతకు యాభై మందీ వచ్చారు. నేను ఒడి కట్టుకుని వాళ్ళ మధ్య సాలులో దిగాను. నన్ను చూసి మా ఇళ్ళలోంచి ఇంకో పదిమంది దిగారు. చివరకు పెద్దాయన కోడలు మాధురి కూడా వచ్చింది.

“మామయ్యకి చెప్పావా?” అన్నాను.

“కేకలేస్తున్నాడు, ఇక్కడికి వినపడట్లా?” అంది.

సాలులో ఆడవాళ్ళందరూ నవ్వారు.

జీపు గట్టు మీద ఆగింది. ఎస్సై దిగి లాఠీ ఊపాడు. “కాలనీ వాళ్ళు ఇటు. ఆసాములు అటు. విడివిడిగా నిలబడండి, పేర్లు రాసుకోవాలి.”

గట్టు మీద అమ్మమ్మ ఒళ్ళో పాప ఏడుస్తోంది. అటు చూస్తే ఆగలేనని తల ఎత్తలేదు. నా ఎడమ పక్క ఎవరున్నారో, కుడి పక్క ఎవరున్నారో అప్పుడు చూసుకోలేదు. రెండు వైపులా చేతులు కాయ తుంచుతూనే ఉన్నాయి.

“మీకే చెప్పేది!” అని ఎస్సై మళ్ళీ అరిచాడు.

సాలులో మా వరస ఒక అడుగు ముందుకు, తర్వాతి మొక్కల దగ్గరికి జరిగింది, అంతా కలిసి.