ఆపిన రేడియోలో రాయుడు

సాయంత్రం ఆరున్నరైతే ముదిగుబ్బ కాన్నుంచి కళ్యాణదుర్గం దాకా పల్లెల్లో రేడియోలు ఆపేస్తారు. ఆపితేనే హనుమంతరాయుడు మాట్లాడతాడు. పల్లెవాణి రేడియోలో ఏండ్ల తరబడి రైతుల కార్యక్రమం చెప్పిన మనిషి, సచ్చిపోయి ఏడాదైనా పని మానలేదు. వాన యాడ పడింది, గొర్రెలకు ఏం రోగమొచ్చింది, అన్నీ చెప్తాడు. "బ్యాటరీలు మిగుల్తాండాయి, మంచిదే కదప్పా" అనుకున్నారు జనం. స్టేషన్లో వాళ్లకే ఆయన వినపడడు. ఆడ రేడియో ఎప్పుడూ ఆగదు గదా!

ఆయన బతికుండగా పక్కన కూర్చొని, ఇప్పటికీ స్టేషన్లో వార్తలు చదివే వనజాక్షి కూడా సెలవురోజు ఇంట్లో రేడియో ఆపి వింటాది. విన్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండుతాది. ఎందుకు మండదు? రెండువేల మూడులో కళ్యాణదుర్గం పక్క పల్లెలో బయమ్మ అనే రైతు, కంపెనీ శెనక్కాయ విత్తనాలు మొలవలేదని రాయుడి మైకు ముందర ఏడ్చి తిట్టింది. ఆ కంపెనీ ప్రకటనలే స్టేషన్‌కు ఆధారం. స్టేషన్ నడిపే పెద్దసారు ఆ టేపు తుడిపించి, దానిమీదే కంపెనీ పాట ఎక్కించినాడు. టేపులు తుడిచి వాడుకునేది ఆడ మామూలే. రాయుడు ఊరుకోలేదు. "ఆడమనిషి ఏడుపు తుడిచి పాట పెడ్తారా? మీరు మనుషులేనా?" అని కేకలేసినాడు. అంతే, ఆయన్ను డ్యూటీకి పిలవడం మానేసినారు. పిలుపు కోసం చూసి చూసి, గుండె ఆగి పోయినాడు. "నా మాట తుడిచినోళ్ల రేడియో నాకొద్దు" అని బయమ్మ తన రేడియో అటక మీదికి ఎక్కించింది. ఒకరి కష్టం ఇంకొకరి నోట చెప్పకూడదనేది రాయుడి పట్టు. అందుకే సచ్చినాక కూడా బయమ్మ సంగతి ఆయన ఎత్తలేదు.

ఏడాది నిండిందని ఇప్పుడు ఆ రాయుడికే రేడియోలో సంస్మరణ కార్యక్రమమంట! చచ్చినోని కండ్లు చారెడని ఊరికే అన్నారా? గోడకు ఫోటో, ఫోటోకు దండ. దండ తెచ్చింది ఆ కంపెనీవాళ్లే.

పెద్దసారు వనజాక్షికి కాగితమిచ్చినాడు. "ఇది నువ్వే చదవాలమ్మా."

చివర్లో ఉండాది: రాయుడు మెచ్చిన విత్తనం, మా విత్తనం.

"ఇదేంది సార్? దాన్ని తిట్టిన టేపు ఎందుకు తుడిచినారని అడిగినందుకే కదా ఆయన్ను బయటికి పంపింది?"

"చనిపోయినాయన వచ్చి కాదంటాడా? చదువు. లేకపోతే రేపట్నుంచి నీకూ డ్యూటీ ఉండదు."

కాదంటాడా అంట! ఆమెకు నవ్వూ కోపమూ కలిసే వచ్చినాయి. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ డ్యూటీతోనే. కానీ ఆ పొద్దు రాయుడి మీద గౌరవంతో పల్లెలన్నీ రేడియోలు పెట్టుకొని కూర్చుంటాయి. బయమ్మ కూడా అటక మీంచి దించుంటాది. రాయుడి పేరు చెప్తే నమ్మి, ఆ పుచ్చుగింజలే మళ్లా చేలల్లో పోస్తారు.

సాయంత్రం ఆమె స్టూడియో గది తలుపుకు లోపల గడియ పెట్టి చదవడం మొదలుపెట్టింది. "రాయుడు మెచ్చిన..." దగ్గర కాగితం పక్కకు పెట్టేసింది. థూ, అనుకొని మైకు ఆపేసింది. రేడియో మూగబోయింది. పెద్దసారు తలుపు బాదుతాండాడు.

అప్పుడు స్టేషన్లోనే రాయుడు దగ్గినాడు.

"నమస్కారమప్పా. ఇప్పుడు బయమ్మ మాట్లాడతాది. చెప్పు బయమ్మా, యాడ ఆపినావో ఆడ్నుంచే."

ఆడ తన పల్లెలో, మూగ రేడియో ముందర కూర్చున్న బయమ్మ నోరు తెరిస్తే, స్టేషన్లోనూ పల్లెలన్నిట్లోనూ వినపడింది. "ఏం చెప్పేది రాయన్నా! ఆ విత్తనాలు పోస్తే చేను బోడిగుండైంది. నా నోట్లో మన్ను కొట్టినారు. ఎవరూ కొనొద్దండప్పా!"

తలుపు బాదడం ఆగిపోయింది. కంపెనీవాళ్లు చెప్పులు మరిచిపోయి జారుకున్నారు. ఆ యేడు ఆ విత్తనాల మూటలు ఎవరూ ముట్టలేదు.

వనజాక్షి డ్యూటీ మాత్రం పోయింది. నిజం పక్క నిలబడినోళ్లకే కదా గేటు చూపించేది!

మరుసటి సాయంత్రం ఆమె సంగటి కెలుకుతాంటే, ఆపిన రేడియోలో రాయుడు అన్నాడు: "ఇంగ తర్వాతి అంశం వనజాక్షి చెప్తాది."

"నన్ను తీసేసినారన్నా" అంది ఆమె పొయ్యి కాన్నుంచే.

"వాళ్లు తీసేస్తే మనం ఆపల్లనా? చెప్పు తల్లీ, జనం కాచుకోనుండారు."

వనజాక్షి కొంగుకు చెయ్యి తుడుచుకుంది. గొంతు సవరించుకొని, "నమస్కారం" అంది.

పక్కింట్లో ఆపిన రేడియోలోంచీ, ఎదురింట్లో ఆపిన రేడియోలోంచీ ఆమె గొంతే వినపడింది.