మా ఆయన ముక్కూ, నా సెంటు సీసా

మా ఆయన జీతం తెచ్చేది ముక్కుతో. వేళాకోళం కాదు, నిజంగానే. సబ్బుల ఫ్యాక్టరీలో వాసన చూసే ఉద్యోగం ఆయనది. కాన్పులో ముందు ముక్కు బయటికొచ్చి, తర్వాత తీరిగ్గా మనిషి వచ్చాడని మా అత్తగారు అంటూ ఉండేవారు. ఆ ముక్కు పుణ్యమా అని మా ఇంట్లో పౌడరు లేదు, పువ్వు లేదు. నేను స్నానం చేసేది కూడా వాసన లేని సబ్బుతోనే. సబ్బులవాడి పెళ్ళాన్ని! వింటే జనం నవ్విపోరూ?

"ఇంటినిండా వాసనలుంటే నా ముక్కు మొద్దుబారిపోతుందే," అంటాడు.

ఇంట్లో ఇటు పుల్ల తీసి అటు పెట్టడు. ఎప్పుడో ఒకనాడు మాత్రం, పని నుంచి వస్తూనే "నువ్వు కూర్చోవే" అని గిన్నెలన్నీ తోమేస్తాడు. ఏ గాలి సోకిందండీ అని అడిగితే "ఊరికే" అంటాడు. నాకు ఎప్పుడూ అంతుపట్టలేదు.

అలాంటి ముక్కు ఈ చలికి శనివారం పొద్దున మూసుకుపోయింది. జలుబు లోకంలో ఎవరికి రాదు? ఈయనకి మాత్రం కొంపలంటుకున్నాయి. తప్పు పట్టడానికీ లేదు లెండి. ఏడాదిపాటు కూర్చి కూర్చి తయారుచేసిన కొత్త సువాసనతో సబ్బు మొదటి వాయి సోమవారం దిగుతుంది. ఈయన వాసన చూసి సరేనంటేనే అచ్చుల్లో పోస్తారు. ఈయనకి చేతకాకపోతే కొత్తగా వచ్చిన కెమిస్టు చూస్తాడట.

"వాడికి గులాబీకీ గుల్లసున్నానికీ తేడా తెలీదే! నా కుర్చీలో ఒక్కసారి కూర్చున్నాడంటే ఇక లేవడు," అని దుప్పట్లోంచి ఒకటే మూలుగు.

"ముందు ఆ మూలుగు ఆపండి," అని నీళ్ళు మరగబెట్టాను.

ఆవిరి పట్టమంటే నిమిషానికోసారి దుప్పట్లోంచి తల బయటపెడతాడు.

"ఉడికిపోతున్నానే!"

"ఉడకనివ్వండి. మీరింకా పచ్చిగానే ఉన్నారు."

అల్లం, మిరియాలు మరిగించి, తేనె కలిపి ఇచ్చాను. ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను. కాళ్ళకి మేజోళ్ళు తొడిగి, తలకింద దిండు మీద దిండు ఎత్తాను. బామ్ రాస్తానంటే మాత్రం ససేమిరా అన్నాడు. ముక్కు తెరుచుకున్నా ఆ ఘాటుకి ఇంకేమీ తెలియదట. లేస్తే చాలు, కాఫీపొడి డబ్బా తెరిచి అందులో మొహం పెట్టడం, "ఊహూఁ" అని మళ్ళీ ముసుగు తన్నడం.

ఇంత చాకిరీ చేస్తున్నాను, నాకూ కాస్త సంబరం ఉండొద్దూ? పసిగట్టే ముక్కు పడకేసింది కదా అని తలుపులు బార్లా తీసి, వెల్లుల్లి ఎర్రగా వేయించుకున్నాను. ఆ మీదట అసలుదానికి తెగించాను. పాత బట్టల పెట్టె అడుగున, గుడ్డలో చుట్టి సంచిలో పెట్టిన సెంటు సీసా ఒకటుంది. మా చెల్లి ఇచ్చింది. మనసేం బాగోలేని రోజున, ఆయన పనిలో ఉండగా మూత తీసి ఒక్కసారి వాసన చూసుకుని, కిటికీలన్నీ తెరిచి గాలి పోనిచ్చి, మళ్ళీ దాచేస్తాను.

ఆదివారం దాన్ని దండిగా పూసుకున్నాను. ఆయన ముందే పదిసార్లు తిరిగాను. కషాయం ఇచ్చే వంకతో మొహం మీదికే వంగాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తాను.

అక్కడ నిలబడ్డాక తట్టింది. ఇంత దగ్గర ఇంత వాసన తెలియని మనిషి రేపు ఫ్యాక్టరీలో ఏం చేస్తాడు?

సాయంత్రం మళ్ళీ ఆవిరి పట్టించాను. ఈసారి తల బయటపెట్టలేదు, ఉడికిపోతున్నాననీ అనలేదు. అంతా అయ్యాక మొహం తుడుచుకుంటూ, "ముక్కు లేకపోతే అక్కడ నేనెవర్నే?" అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "పడుకోండి, పొద్దునకి తగ్గిపోతుంది," అని దుప్పటి కప్పాను. నా మాట మీద నాకే నమ్మకం లేదు.

పొద్దున కాఫీ కలుపుతుంటే వెనకనుంచి గొంతు వినబడింది.

"పెట్టె అడుగున ఉండేది ఒంటిమీదకొచ్చిందేం?"

గిర్రున వెనక్కి తిరిగాను. "వాసన తెలుస్తోందా?"

"తెలియకేం! మల్లె, దాని వెనక కాస్త గంధం. పైన కాఫీ. ఏ మూలనో నిన్నటి వెల్లుల్లి."

ఎగిరి గంతెయ్యబోయి ఆగాను. "పెట్టె సంగతి మీకెవరు చెప్పారు?"

"నాకొకరు చెప్పాలా? దాచక దాచక నా ఇంట్లోనే సెంటు దాచావు!"

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాటా అనలేదేం?"

"ఏమంటాను? నువ్వు మూత తీసిన రోజు నాకు గుమ్మంలోనే తెలిసిపోతుంది. పాపం, ఇవాళ దీనికి మనసు బాగోలేదు అనుకునేవాణ్ణి."

అంతే అన్నాడు. కాఫీ అందుకున్నాడు. నా చూపు మాత్రం సింకులోని రాత్రి గిన్నెల మీద పడింది. చెల్లితో మాట పట్టింపు వచ్చిన రోజు గిన్నెలు తోమాడు. మా అమ్మకి ఒంట్లో బాగోలేదని కబురొచ్చిన రోజు తోమాడు. ఒక్క రోజూ ఏమైందని అడగలేదు. కళ్ళు తుడుచుకున్నాను, ఉల్లిపాయ కూడా లేదు నెపం పెట్టడానికి.

"నేను స్నానం చేసి వచ్చేస్తాను. ఈ వాసన మీకు అంటిందంటే సబ్బు గోవిందా."

"చెయ్యి. సాయంత్రం మళ్ళీ రాసుకో."

"అయితే ఇక రోజూ రాసుకుంటాను," అన్నాను.

మా ఆయన సింకు వంక చూసి పెద్ద నిట్టూర్పు విడిచాడు. రెండు ముక్కుల్లోంచీ సాఫీగా వచ్చింది.