బుధవారం పస్తు

మా ఊరికి అప్పటికి ఏరుంది గాని పేరు లేదు. రేవుంది, రేవు పక్కన నిలువురాయి ఉంది, గట్టు మీద ఫెర్గ్నా దొర కోట ఉంది. ఆ రేవులో చిన్న చర్చి కట్టుకుంటాను, జానెడు చోటివ్వమని ఎర్నాన్ సన్యాసి మూడేళ్ళుగా అడుగుతున్నాడు. మా తాతలు కత్తులు సమర్పించిన నీళ్ళవి, ఏటితల్లి ఏమంటుందో చూద్దాం అని దొర మూడేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు.

ఎర్నాన్‌కు అరవై దాటాయి, ఓపిక అంతకుముందే దాటిపోయింది. ఆ బుధవారం పొద్దున్నే, ఇక సెలవంటూ దొరకు చెప్పి తన మఠానికి పోదామని బయల్దేరాడు. గట్టయితే ఎక్కాడు గాని ఒళ్ళు గట్టెక్కలేదు. కోట గుమ్మం దగ్గర మోకాళ్ళు మొండికేస్తే గడప పక్కనే చతికిలపడ్డాడు.

దొర భార్య రోనాత్ పాలూ రొట్టే తెచ్చింది. ఇవాళ తిననమ్మా అన్నాడు. ఆమె మొహం పాలకన్నా తెల్లబోయింది.

ఆ నేల న్యాయం అలాంటిది. తనకు అన్యాయం జరిగిందనుకున్నవాడు దొర గుమ్మంలో పస్తు కూర్చుంటే, వాడి గొడవ తీర్చేదాకా దొర కూడా ముద్ద ముట్టకూడదు. ముట్టాడా, ఆనాటినుంచి అతని మాటకు పూచికపుల్ల విలువుండదు.

లోపల పందిమాంసం ఉడికింది, చల్లారింది, మళ్ళీ ఉడికింది. దొరకు దక్కింది వాసనే. అది ఉపవాసం కాదు, ఉపవాసన. బయట ఎర్నాన్ గోడకు ఆనుకుని గుర్రుపెడుతున్నాడు.

పొద్దు వాలుతుండగా మెలకువ వచ్చి చూస్తే కోటంతా చుట్టూ నిలబడి ఉంది.

"రేవు నీదే పెద్దాయనా," అన్నాడు దొర, కడుపు పట్టుకుని. "వీళ్ళంతా సాక్షులు. ఇక లే."

ఎర్నాన్‌కు అప్పుడర్థమైంది. నోరు మూసుకుంటే చాలు, మూడేళ్ళ నడక ముగుస్తుంది. కానీ మోసం చేస్తే దాన్ని బతికినన్నాళ్ళూ మోయాలి. తన ఒళ్ళే తను మోయలేకపోతున్నాడు.

"దొరా, నేను నీ మీద పస్తుండలేదు. బుధవారం బుధవారం మా మఠంలో ఎవరూ తినరు. కాళ్ళు రాక కూర్చున్నాను, కునుకు పట్టింది. నీ మాట నువ్వు తీసేసుకో."

దొర నెమ్మదిగా వచ్చి అతని పక్కనే గడప మీద కూలబడ్డాడు.

"పొద్దుట్నించీ కడుపు మాడ్చావు గదయ్యా. మాట వెనక్కి తీసుకోవాలంటే మళ్ళీ లేవాలి, మళ్ళీ అందరితో వాదించాలి. నా వల్ల కాదు. ఉంచుకో."

వెనకెక్కడో ఒక ముసలాయన ఏమైందేమైందని అడుగుతున్నాడు. రోనాత్ అందరికీ వినబడేలా చెప్పింది:

"ఏం లేదు మామా. ఈ సన్యాసి ఎవరి మీదా అలగలేదంట. ఇవాళ బుధవారమంట, అంతే. పదండి, తిందురుగాని."