మట్టిలో కలిసే ఇస్తరాకులు

కాటారం దగ్గరి తండాలో గంగికి రోడ్డు పక్కనే ఎకరం చేను ఉంది. 2010 జనవరిలో తెలంగాణ కోసం ఆ రోడ్డు మీద వంటావార్పు జరిగింది. వందల మంది అక్కడే తిని, కాగితపు ప్లేట్లు వదిలి వెళ్లారు. గాలికి అవన్నీ చేనులో పడ్డాయి. కాగితమే కదా, వానకు నానిపోతుందని గంగి వాటిని అట్లాగే దున్నించేసింది.

మరుసటి ఏడు పత్తి గింజలు పెడితే కొన్నిచోట్ల మొలక రాలేదు. తవ్వి చూసింది. కాగితం లేదు. దానికి అంటించిన పలుచటి ప్లాస్టిక్ పొర మాత్రం మెరుస్తోంది. దాని కింద ఒక మొలక పాలిపోయి, వంకర తిరిగి చచ్చిపోయి ఉంది.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. మళ్లీ అదే రోడ్డు మీద వంటావార్పు పెడుతున్నారని తెలిసి, గంగి ఆ పొరలను కొంగులో మూటగట్టుకుని నరేశ్ దగ్గరికి వెళ్లింది. ఆయన సమ్మెలో ఉన్న బడిపంతులు. ఏర్పాట్లన్నీ ఆయనవే.

“సారూ, గివి మీరు తిన్న ప్లేట్లు. ఏడాదిన్నర దాటింది, ఇంక కరగలే.”

“నిజమే అక్కా. కని ఎల్లుండే వంటావార్పు. ప్లేట్లు వద్దంటే నాలుగు వందల మందికి ఆకులు ఎవలు కుడతరు?”

“మేం కుడతం. భూమి కోసమే కొట్లాడుతున్నం కద. గా భూమిల్నే గివి పారేస్తే ఎట్ల?”

గంగి, ఆమె ఆడబిడ్డ లచ్చి, మరో నలుగురు అడవి అంచుకు పోయి మోదుగాకు కోసుకొచ్చారు. వాన పట్టుకుంది. తడిసిన ఆకును గుడ్డతో తుడిచి పుల్లలు గుచ్చుతూ రెండు రోజులు కూర్చున్నారు. వేళ్లు చీరుకుపోయినా మూడు వందల ఇస్తరాకులే అయ్యాయి.

ఆ రోజు రెండో బంతికి ఆకులు చాలలేదు. ఎవరో వెంట తెచ్చిన కాగితపు ప్లేట్ల కట్ట విప్పబోతే గంగి దాని మీద చెయ్యి పెట్టింది.

“జర ఆగుర్రి. ఆకలైతే ఒక్క ఆకుల ఇద్దరు తినుర్రి. లేకుంటే కూసోని కుట్టుర్రి.”

లచ్చి మిగిలిన మోదుగాకు గంప తెచ్చి దించింది. నరేశ్ ముందుగా కూర్చుని పుల్ల అందుకున్నాడు. ఆయన కుట్టిన ఆకులోంచి పప్పు కారి ప్యాంటు మీద పడింది. లచ్చి నవ్వి, ఆకు మీద ఆకు ఎట్లా పరచాలో చూపించింది. చూస్తుండగానే చుట్టూ ఇరవై మంది చేరారు. ప్లేట్ల కట్ట విప్పలేదు.

తిన్న ఆకులన్నీ గంగి చేనులో ఒక గుంత తీసి అందులో వేశారు. ఎండాకాలం దుక్కికి ముందు ఆ గుంత తవ్వితే నల్లటి ఎరువు, అక్కడక్కడా విరిగిన పుల్లలు. గంగి తట్టకెత్తుతుంటే నరేశ్ వచ్చాడు. గుప్పెడు తీసి నలిపి చూశాడు.

“వచ్చే వారం మొగుళ్లపల్లిల మీటింగ్ ఉందక్కా. వెయ్యి ఆకులు కావాలె.”

“ఆకులు కాదు సారూ, గా ఊరోళ్లను పదిమందిని పంపుర్రి. నేర్పిస్త.”